బల్లకింది చెయ్యి

ఈమధ్య రేడియోకి వేయించిన చేప గొంతు దిగడం లేదు. చేపంటే ప్రాణం పెట్టే మనిషి. తన ముక్క తినేసి పక్కవాడి పళ్ళెంలోకి చెయ్యి పెట్టే మనిషి. అలాంటివాడు చేప బల్లమీదికి రాగానే తల దించుకుని అన్నం కెలుకుతున్నాడంటే లోపల ఏదో ఉందన్నమాటే. ఉన్నది జబ్బు కాదు, సిగ్గు. దాన్ని ఎలా దించుకోవాలో అతనికి తెలుసు. ధైర్యమే లేదు.

రేడియో అతని అసలు పేరు కాదని వేరే చెప్పాలా? మరమగ్గాల షెడ్డులో అతన్ని ఆ పేరుతో తప్ప ఎవరూ పిలవరు. అసలు పేరు కావాలంటే జీతాల గుమాస్తా కూడా కాసేపు బుర్ర గోక్కోవాలి. నిద్రలో తప్ప నోరు మూతపడదు కాబట్టి రేడియో. నిద్రలో కూడా మూతపడదని అతని పెళ్లాం ఫిర్యాదు. అయితే ఈ రేడియో పలికేదాంట్లో సగానికి పైగా చప్పుడే ఉండదు.

ఆ షెడ్డు తలుపు తీస్తే మగ్గాల మోత వచ్చి ముఖాన కొడుతుంది. పక్కన నిలబడి చెవిలో అరిచినా ఒక్క ముక్క వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు సాగదీసి, విడమరిచి, చప్పుడు లేకుండా మాట్లాడతారు. అవతలివాళ్ళు పెదాలు చూసి చదువుకుంటారు. షెడ్డు ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నవాడితో ఇంటి గొడవలన్నీ చెప్పుకోవచ్చు, మధ్యలో ఉన్నవాడు ఇటు చూడకపోతే చాలు. దాన్ని వాళ్ళు మూగబాస అంటారు.

రేడియో మీసాలు రాకముందే ఆ షెడ్డులో చేరాడు. పక్క మగ్గం మీదుండే ఒక పెద్దమ్మ అతనికి పని నేర్పింది. ఆవిడ అతనితో అన్న మొదటి మాట అర్థం చేసుకోవడానికి పూటంతా పట్టింది. తీరా అర్థమయ్యేసరికి ఆ మాట ఇది: "చొక్కా లోపలికి దోపుకోరా సన్నాసీ, మిషను లాక్కుంటుంది." ఆ తర్వాత నేర్చుకున్నాడు చూడండి, నేర్పిన పెద్దమ్మే నోరెళ్ళబెట్టింది. మూగబాసలో జోకులు వెయ్యడం, అందరి నడకలూ మాటలూ వెక్కిరించడం, మేనేజరు షెడ్డులోకి వస్తే ఎదురుగా వినయంగా నిలబడి పక్కకి తిరిగి ఆయన వంశాన్నంతా ఉతికి ఆరెయ్యడం, ఇవన్నీ అతని చేతిలో, కాదు, అతని పెదాల్లో కొత్త అందం సంతరించుకున్నాయి.

బదులుగా షెడ్డు అతని దగ్గర రెండు తీసుకుంది. ఒకటి, చెవులు సగం పోయాయి. రెండు, గుసగుసలాడటం పోయింది. షెడ్డు మనుషులకి మధ్యరకం గొంతు ఉండదు. మూగగా మాట్లాడతారు, లేదా వీధి చివరికి వినపడేలా అరుస్తారు. పెళ్లాంతో ఏకాంతంగా ఒక ముద్దుమాట చెబుదామన్నా పక్కింటివాళ్ళు దగ్గి తాము మెలకువగానే ఉన్నామని తెలియజేసేవాళ్ళు. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సెలవురోజు మధ్యాహ్నం నలుగురు స్నేహితులు మిల్లు గేటుకి ఎదురు సందులో ఉన్న హోటల్లో భోంచేస్తారు. వంటింటి గోడ పక్కన ఒక కాలు పొట్టిగా ఉన్న పొడుగాటి బల్ల వాళ్ళది. రేడియో ఒకడు. మగ్గాలకి నూనె పోసే నూనెడబ్బా ఒకడు. నూలు బండి తోసే బావ ఒకడు. ఎవరికీ బావ కాడు, అందరికీ బావే. నాలుగోవాడు మేస్త్రీ, వాళ్ళ వరస మగ్గాలన్నింటికీ పెద్ద. మిల్లులో వీళ్ళని కసిరేదీ, మేనేజరు కసిరితే అడ్డం పడేదీ ఆయనే.

అక్కడ భోజనం కంటే రుచైనది ఇంకొకటుంది. హోటలు నిండా జనం ఉండగా రేడియో మూగబాసలో ఒక్కొక్కరి సంగతీ చెబుతాడు. "ఆ మూల పెద్దమనిషిని చూడండి, కూరలో ముక్క తప్పిపోయిందని పోలీసు రిపోర్టు ఇచ్చేట్టున్నాడు." "ఆ కొత్త దంపతుల్ని చూడండి, రేపీపాటికి ఎవరి పళ్ళెం వాళ్ళది." చూసేవాళ్ళకి నలుగురు మనుషులు అన్నం నములుతున్నట్టుంటుంది. నూనెడబ్బాకి పొలమారుతుంది, బావ బల్ల గుద్దుతాడు. "వినేవాడు లేనప్పుడు ఎవరి పరువు పోయినట్టురా?" అనేవాడు రేడియో, ఎవరైనా అభ్యంతరపెడితే. అభ్యంతరపెట్టేది ఎప్పుడూ మేస్త్రీయే. అయినా ఆయనా నవ్వేవాడు, గోడవైపు తిరిగి.

మేస్త్రీ భార్య పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. సాయంత్రం కాగానే వచ్చి రేడియో ఇంటి గుమ్మంలో కూర్చునేవాడు. రేడియో పెళ్లాం అడక్కుండానే ఇంకో పళ్ళెం పెట్టేది. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తూ గంటలు గడిపేవాళ్ళు. అది అలాగే సాగిపోతుందని రేడియో అనుకున్నాడు. అనుకోవడమేమిటి, అది తన హక్కన్నట్టే ఉన్నాడు.

ఒకరోజు షెడ్డులో మేస్త్రీ మగ్గాల మీదుగా పెదాలు కదిపాడు. "నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాన్రా."

"ఎవర్ని?"

"లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. మంచి మనిషి. సెలవురోజు భోజనానికి తీసుకొస్తున్నాను." అటూ ఇటూ చూసి మళ్ళీ అన్నాడు. "ఒరేయ్, నూనెడబ్బా, బావా నీ ముఖం చూసి నవ్వేవాళ్ళు. నువ్వు బాగుందంటే బాగుందంటారు. నాకు మీరు తప్ప ఎవరున్నారు చెప్పు? ఆ ఒక్కపూటా నోరు కట్టేసుకో."

"నోరు విప్పితే ఒట్టు," అన్నాడు రేడియో.

అన్నాడే గాని ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ గుమ్మంలో తన పక్కన కూర్చున్నవాడు తనకి ఒక్క ముక్క చెప్పకుండా సంబంధం కుదుర్చుకున్నాడు. రేపట్నుంచి ఆ గుమ్మంలో తనొక్కడే. ఆ మాట మేస్త్రీతో అనుంటే ఇంత కథ ఉండేది కాదు. మగాళ్ళం కదా, అలాంటివి చెప్పుకోం. ఉక్రోషమొస్తే వేళాకోళం చేస్తాం.

సెలవురోజు ఆవిడొచ్చింది. నిండైన మనిషి, జుట్టు బిగించి దువ్వుకుంది, ముఖానికి పౌడరు కాస్త ఎక్కువే పట్టించింది. ఎంత బెదిరిపోతూ అద్దం ముందు నిలబడుంటే అంత పౌడరు పడుతుందో రేడియో పెళ్లాం అయితే ఇట్టే గ్రహించేది. ఆవిడ గోడ పక్క కుర్చీ చూసుకుని కూర్చుంది. ఆవిడ పక్కన నూనెడబ్బా. ఎదురుగా మేస్త్రీ, మేస్త్రీ పక్కన రేడియో, బల్ల చివర స్టూలు మీద బావ.

"వీళ్ళే నా వాళ్ళు," అన్నాడు మేస్త్రీ. కొత్త చొక్కాలో బిగుసుకుపోయి, పదోతరగతి ఫలితాలు వింటున్నట్టు కూర్చున్నాడు.

ఆవిడ అందర్నీ పలకరించింది. రేడియోని "అన్నయ్యా" అంది. రేడియో తల ఊపాడు. ఒట్టు వేశాడు కదా, నోట మాట రాలేదు. నూనెడబ్బా, బావ కూడా రేడియో ముఖం చూసి బిర్రబిగుసుకున్నారు. బల్లమీద చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. మేస్త్రీ నుదుటిమీద చెమట తుడుచుకున్నాడు.

అప్పుడు పెట్టింది రేడియో పెదాలకి దురద. పక్కనున్న మేస్త్రీకి కనపడదు. ఎదురుగా ఉన్న నూనెడబ్బాకి మాత్రమే కనపడుతుంది. ఆవిడకీ కనపడుతుందనుకోండి, కానీ ఇస్త్రీ చేసుకునే మనిషికి తన పెదాలు నములుతున్నట్టే ఉంటాయి గాని ఇంకేం తెలుస్తుంది?

"పిండిమిల్లు నుంచి సరాసరి వచ్చినట్టుందిరా," అన్నాడు చప్పుడు లేకుండా.

నూనెడబ్బా మంచినీళ్ళ గ్లాసు వెనక్కి ముఖం దాచుకున్నాడు. ఆవిడ చేతిరుమాలు తీసి చెంపలు ఒత్తుకుంది. ఉక్కపోస్తోంది కాబోలనుకున్నాడు రేడియో.

"మేస్త్రీ చేసింది తెలివైన పనే. ముఖం నిండా ముడతలు పడ్డాయి కదా, ఇస్త్రీ చేసే మనిషిని వెతుక్కున్నాడు."

నూనెడబ్బాకి పొలమారింది. బావ పెదాలు చూడలేదు గాని అలవాటు కొద్దీ బల్ల గుద్దాడు. మేస్త్రీ అందరి ముఖాలూ చూసి, అమ్మయ్య, నవ్వుతున్నారని తనూ నవ్వాడు. ఆ నవ్వు చూసైనా ఆగాల్సింది. రేడియో ఆగలేదు. ఆవిడ వచ్చినప్పటినుంచీ ఎడమచెయ్యి బల్లకిందే ఉందని గమనించాడు. వడ్డించుకున్నా, గ్లాసు అందుకున్నా, అన్నీ కుడిచేత్తోనే.

సర్వరు వేయించిన చేప పళ్ళెం తెచ్చి పెట్టాడు. మేస్త్రీ వెనక్కి తిరిగి నూనెడబ్బా కోసం మంచినీళ్ళు తెమ్మని వంటింట్లోకి కేకేస్తున్నాడు.

"ఆ ఎడమచెయ్యి బయటికి రాదేంట్రా? అప్పుడే మేస్త్రీ జేబులో పెట్టేసిందా?"

నూనెడబ్బా వంగిపోయి దగ్గుతున్నాడు. ఆవిడ ముద్ద కలుపుతున్నదల్లా ఆగింది. ఎడమచెయ్యి బల్లకింద నుంచి తీసి చేపల పళ్ళెం మీద వేసి, మెల్లగా రేడియో ముందుకి తోసింది. ఆ చేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రం నిండుగా ఉన్నాయి. మధ్యవేలు సగముంది. మిగతా రెండూ లేవు.

మిల్లు మనుషులకి అలాంటి చెయ్యి చూపించి ఏమైందని అడిగించుకోనక్కర్లేదు. రేడియో కళ్ళెత్తి ఆవిడ ముఖం చూశాడు. ఆవిడ పెదాలు కదిలాయి. చప్పుడు లేకుండా, విడమరిచి, షెడ్డులో పుట్టి పెరిగిన మనిషి మాట్లాడినంత శుభ్రంగా.

"జేబులో లేదన్నయ్యా. దూది ఏకే మిషను తినేసింది."

ఆ తర్వాత గొంతు విప్పి, మామూలుగా, "చేప వేసుకోండన్నయ్యా, చల్లారిపోతోంది," అంది.

రేడియోకి తల తీసేసినట్టయింది. వీలుంటే ఆ బల్లని నెట్టేసుకుని వీధిలో పడి పారిపోయేవాడు. పిండిమిల్లు మాట చదివింది. చదివే పౌడరు తుడుచుకుంది. ఇస్త్రీ మాట చదివింది. చదివి, ముద్ద మింగి, మేస్త్రీ నవ్వితే తనూ నవ్వింది.

మేస్త్రీ ఇటు తిరిగాడు. బల్లమీద ఉన్న ఆ చేతిని చూశాడు. ఆయన ముఖం అలా వెలగడం రేడియో ఎన్నడూ చూడలేదు.

"ఒరేయ్, చూశార్రా?" అన్నాడు, హోటలంతా వినపడేలా. "మనలాగే మిల్లు మనిషి, అవతల పైమిల్లు ఉందే, అక్కడి దూది షెడ్డులో చేసేది ఈమె. చెయ్యి పోయాక మానేసింది. చెయ్యి సంగతి ముందే చెప్పొద్దు, చూపించాలనిపిస్తే నేనే చూపిస్తానంది. అందుకే మిల్లు మాటే ఎత్తలేదు నేను. లాండ్రీలో కూడా ఎవరి ముందూ బయటపెట్టదురా! మీ ముందు పెట్టింది. మొదటిరోజే పెట్టింది. మీరు నా వాళ్ళని చెప్పాను కదా, నమ్మింది." కళ్ళు తుడుచుకున్నాడు. "రేడియో, చేప వేసుకోరా, నీకోసమే తెమ్మన్నాను."

రేడియో వేసుకున్నాడు. నమిలాడు. మింగడానికి మాత్రం నీళ్ళు తాగాల్సొచ్చింది.

చెయ్యి కడుక్కునే తొట్టి దగ్గర ఆవిడ ఎదురుపడింది. మేస్త్రీ పక్కనే చేతులు తుడుచుకుంటున్నాడు. రేడియో పెదాలు కదిపాడు. "తప్పయిపోయింది చెల్లెమ్మా." మూగబాసతో ఒక చిక్కుంది. వినకూడదనుకుంటే చెవులు మూసుకోనక్కర్లేదు, తల దించుకుంటే చాలు. ఆవిడ తల దించుకుని చేతులు కడుక్కుంది.

రేడియో ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కడుపులో బాగాలేదన్నాడు.

"తిన్నది అరగలేదా, అన్నది అరగలేదా?" అంది పెళ్లాం. అంతకాలం కాపురం చేసిన మనిషికి ఆ మాత్రం తెలీదా. రేడియో బదులు చెప్పలేదు. అలా బదులు చెప్పకపోవడం వాళ్ళ కాపురంలో అదే మొదలు కాబట్టి ఆవిడ దీపం వెలిగించి మరీ ముఖం చూసింది.

పెళ్లయింది. ఆఫీసులో సంతకాలు పెట్టి, మళ్ళీ ఆ హోటల్లోనే భోంచేశారు. సాక్షి సంతకం రేడియోదే, మేస్త్రీ పట్టుబట్టాడు. ఆ తర్వాత ప్రతి సెలవురోజూ ఆవిడ కూడా వచ్చేది. రేడియోని అన్నయ్యా అనే పిలిచేది. కూరలు వడ్డించేది, ఎడమచేత్తోనే గిన్నె పట్టుకుని. ఇప్పుడా చెయ్యి దాచడం పూర్తిగా మానేసింది. కానీ రేడియో పెదాలు చప్పుడు లేకుండా కదలడం మొదలుపెట్టాయంటే ఆవిడ పళ్ళెంలోకి చూసేది. ఎన్నిసార్లు ప్రయత్నించాడో లెక్కలేదు. అన్నిసార్లూ దించుకున్న ఆ తలమీది పాపిడే కనపడింది.

గొంతుతో చెప్పెయ్యొచ్చు కదా అంటారు. చెప్పాను కదా, గుసగుస అతనికి రాదు. గొంతు విప్పితే పక్కనున్న మేస్త్రీకీ, అవతలి బల్లవాళ్ళకీ, వంటింట్లో వంటవాడికీ ఒకేసారి తెలుస్తుంది. మేస్త్రీకి తెలియకూడదు. మేస్త్రీ బాధపడతాడని అనుకునేవాడు రేడియో. నిజానికి మేస్త్రీ ముందు తన ముఖం చెల్లదని భయం. రెండింటికీ ఉన్న తేడా అతనికి తెలుసు, తెలియనట్టు నటించేవాడు.

ఇది చాలదని మేస్త్రీ ఆ రోజు సంగతి కథలా చెప్పడం మొదలుపెట్టాడు. షెడ్డులో చెప్పాడు, క్షౌరశాలలో చెప్పాడు, బస్సులో పక్క సీటువాడికి చెప్పాడు. "మా వాళ్ళ ముందు మొట్టమొదటిసారి చెయ్యి బయటపెట్టింది. ఎవరికిచ్చింది మొదట చేప? మా రేడియోకి! మనిషిని చూడగానే తెలిసిపోతుంది కదండీ, ఎవరు మంచివాళ్ళో." అలా చెప్పేటప్పుడు రేడియో భుజం తట్టేవాడు. తట్టిన ప్రతిసారీ రేడియో ఒక జానెడు కుంగిపోయేవాడు. హోటల్లో వేళాకోళాలు ఆగిపోయాయి. నూనెడబ్బా, బావ వేరే ఏదైనా మాట్లాడదామని చూసేవాళ్ళు. ఇద్దరికీ ఆ రోజు నవ్విన నవ్వు గుర్తుందేమో, వాళ్ళూ నోరెత్తలేదు.

చివరికి ఒక సెలవురోజు రేడియో తన పెళ్లాన్ని కూడా భోజనానికి తీసుకెళ్ళాల్సొచ్చింది. "ఆ హోటల్లో మీరేం పోగొట్టుకున్నారో నేనూ చూస్తాను," అని బయల్దేరింది. మేస్త్రీ సంబరపడిపోయాడు. బల్లమీదికి చేప రాగానే అందుకున్నాడు.

"వదినా, నీకు ఆ కథ తెలీదు కదూ? మా పెళ్లి నిజానికి కుదిరింది ఇక్కడే, ఈ చేప పళ్ళెం దగ్గర. ఒరేయ్ రేడియో, నువ్వు చెప్పరా. నేను చెబితే ఏం బావుంటుంది, నీ నోటితో వింటేనే దాని అందం."

రేడియో తల అడ్డంగా ఊపాడు. "చెప్పరా, బతిమాలించుకుంటావేంటి?" అన్నాడు మేస్త్రీ. రేడియో మేస్త్రీ భార్యవైపు చూశాడు. పాపిడి కనపడుతుందనుకున్నాడు. ఆవిడ తలెత్తి ఉంది. ఆ రోజు తర్వాత మొదటిసారి అతని పెదాలకేసి చూస్తోంది. ఏం చెబుతాడో చూద్దామన్నట్టుంది. కోపం లేదు. కోపముంటే కాస్త సులువుగా ఉండేది.

ఆ కథ మేస్త్రీ చెప్పినట్టే చెప్పెయ్యొచ్చు. అందరూ నవ్వుతారు, చేప తింటారు. కానీ దాన్ని ఆవిడ కళ్ళముందు తన నోటితో చెబితే, ఆ రోజు అన్న మూడు మాటలకంటే అదే పెద్ద మాట అవుతుంది.

రేడియో గొంతు విప్పాడు. షెడ్డు గొంతు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఆవిడ నమ్మి పెట్టలేదు మేస్త్రీ ఆ చెయ్యి. నేను వెక్కిరిస్తే పెట్టింది. పౌడరు చూసి పిండిమిల్లన్నాను. నీకు ఇస్త్రీ చేసే మనిషి కావాలన్నాను. చెయ్యి నీ జేబులో ఉందా అన్నాను. మూగబాసలో, నీ పక్కనే కూర్చుని. నువ్వు మా గుమ్మం వదిలేసి వెళ్ళిపోతావని మండి, ఆవిడ మీద పడ్డాను. ఆవిడకి మూగబాస వచ్చని తెలిసుంటే అనేవాణ్ణి కాదు. అదీ నా మంచితనం. చెల్లెమ్మా, తప్పయిపోయింది."

అన్ని బల్లలూ ఇటే చూస్తున్నాయి. నూనెడబ్బా ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. రేడియో పెళ్లాం మొగుడివైపు చూడలేదు, మేస్త్రీ భార్య చేతివైపు చూసి, తన చేతిని దానిమీద పెట్టింది.

"ఇప్పుడు వినిపించిందన్నయ్యా," అంది ఆవిడ, పైకే.

మేస్త్రీ చెయ్యి పళ్ళెంలో అలాగే ఉండిపోయింది. భార్యవైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసు. మీరంత పొంగిపోతుంటే ఎట్లా చెప్పను?"

మేస్త్రీ పళ్ళెంలోంచి చెయ్యి తీసేసుకున్నాడు. తర్వాత రేడియోకేసి తిరిగి, హోటలంతా చూస్తుండగా, చప్పుడు లేకుండా పెదాలు కదిపాడు.

"నా బతుక్కి పదిమందికీ చెప్పుకునే కథ అదొక్కటేరా. అదీ లేకుండా చేశావు."

ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. తల దించుకుంటే వినక్కర్లేదని రేడియోకి తెలుసు. దించుకోలేదు.